బాంబులావిడ సత్యకుమారి

సత్యకుమారిని ఆ ఊళ్లో బాంబులావిడ అనేవారు. రాజమండ్రికి ఎగువన మెట్టలో కాలువ తవ్వుతున్న రోజులవి. దారికి అడ్డంగా నల్లరాయి పడింది. దాన్ని పేల్చినప్పుడల్లా పక్కవీధిలోని మట్టిగోడల పెంకుటిళ్లు బీటలు తీసేవి. జనానికి నచ్చజెప్పి, పేలుడుకు ముందు అందరినీ జీడితోటలోకి తీసుకుపోవడానికి కంట్రాక్టరు ఆమెను పెట్టుకున్నాడు. తిట్లు ఆమెకు మామూలే. ఒకావిడ మరిగే గంజి విసిరితే ఎడమచెయ్యి మోచేతి దాకా బొబ్బలెక్కింది. మర్నాడు గుడ్డ చుట్టుకుని మళ్లీ అదే గుమ్మంలో నిలబడింది.

ఒకరోజు పేలుడుకు ముందు తోటలో పాపాయమ్మను అడిగింది. కాలువకు అందరికంటే దగ్గరిల్లు ఆమెదే.

"మీ ఇంట్లో అందరూ వచ్చేశారా పిన్నిగారూ?"

"పిల్లితో సహా వచ్చేశాం. ఇల్లు కూలితే మీ ఆఫీసులో పక్కలేస్తారేంటి?"

ఆడవాళ్లు నవ్వారు. ఇక పేల్చవచ్చని సత్యకుమారి పచ్చజెండా ఎత్తింది. కాలువ గోతిలో సైరన్ మొదలైంది. అప్పుడు కనిపించింది, పాపాయమ్మ ఇంటి పెంకుల సందుల్లోంచి సాంబ్రాణి పొగ.

"లోపలెవరండీ?"

"మా కోడలు, బిడ్డాను. పురుడు వెళ్లకుండా బాలింతని గడప దాటిస్తారా ఎవరైనా?"

జెండా దించినా చూసేవాళ్లు లేరు. పేల్చేవాళ్లంతా అప్పటికే రాళ్ల చాటుకు పోయారు. సత్యకుమారి పరుగెత్తింది. వెనకే పాపాయమ్మ. కోడలు నాగదుర్గ మంచంపట్టె పట్టుకుని రానంది. సత్యకుమారి బిడ్డను చంకలో ఇరికించుకుని, తల్లిని జుట్టు పట్టి ఈడ్చింది. "అంతా మైల చేస్తావటే" అంటూ పాపాయమ్మ రోకలితో ఆమె వీపు మీద మోదింది. ముగ్గురూ పెరట్లో పడ్డారో లేదో నేల అదిరింది. పెంకులు కురిశాయి. గోడ విరిగి, ఇంకా గుమ్మంలోనే ఉన్న పాపాయమ్మ కాళ్ల మీద పడింది.

కొడుకు గణేష్‌బాబు వచ్చేసరికి తల్లి మట్టికింద అరుస్తోంది. నలుగురు ఆమెను లాగుతుంటే, అతను సత్యకుమారి మొహం మీద గుద్దాడు. పెదవి చిట్లింది. సూపర్‌వైజర్ పల్లంరాజు జీపు దిగకుండానే అన్నాడు.

"బాలింతని వాళ్లే దాచారని గట్టిగా చెప్పవమ్మా."

సత్యకుమారి నెత్తురు ఉమ్మింది. "జెండా ఎత్తింది నేనేనండి. లోపలికెళ్లి చూడకుండా ఎత్తాను."

ఆ మాటతో గణేష్‌బాబు పెంకుముక్క అందుకుని ఆమె కణతను చీల్చాడు. మళ్లీ చెయ్యెత్తేసరికి నాగదుర్గ బిడ్డతో సహా వచ్చి ఇద్దరి మధ్య చతికిలబడింది.

"రానని మొండికేసింది నేనండీ. ముందు నన్ను కొట్టండి."

బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోంది. అతని చెయ్యి చాలాసేపు గాల్లోనే ఉండిపోయింది.