వెనకవైపు గడ్డి

నీలం నగర్‌లో మాది చివరి ఇల్లు. మా ముళ్లకంప దడి దాటితే ఇక ఇళ్లు లేవు, బీడు భూమే. హోళీ వెళ్లాక అక్కడి గడ్డి ఎండిపోయి, ఎవరో పారేసిన బీడీ ముక్కకే అంటుకునేది. దడిని ఆనుకునే మా తడికల వంటిల్లు. అందుకే ఏటా ఎండలు ముదరకముందే మా ఆయన పార పట్టుకుని, దడి చుట్టూ నాలుగు మూరల వెడల్పున గడ్డి చెక్కేవాడు. "గింత జాగ బోడిగుంటె మంట దాటదే" అనేవాడు.

ఆయన మగ్గాల పనికి భివండి పోయి అప్పటికి రెండేళ్లయింది. మొదట్లో ఉత్తరాలు వచ్చేవి, తర్వాత అవీ లేవు. పోతూ చెప్పింది ఒక్కటే: "ఇల్లు పైలం, మంచిగ చూస్కో." చెప్పడానికేం, నోటి మాటే కదా. ఆ ఏడు మూడు వైపులా నేనే చెక్కాను. వెనకవైపు మాత్రం రేపు, ఎల్లుండి అంటూ వదిలేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. పొద్దస్తమానం బీడీ ఆకులు పట్టుకునే నాకు ఆ సామెత తెలియక కాదు, బద్ధకం.

మంట సరిగ్గా అటునుంచే వచ్చింది. మధ్యాహ్నం ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతున్నాను. పక్క షెడ్డులో నాలుగు పవర్‌లూమ్‌లు ఆడుతుంటే పిడుగు పడినా వినిపించదు. పొగ ముక్కుకు తగిలి లేచి చూస్తే మంట దడికి పది అడుగుల్లో ఉంది. గోనెసంచి నీళ్ల డ్రమ్ములో ముంచి కొట్టడం మొదలుపెట్టాను. ఒకచోట అణిగితే ఇంకోచోట లేచేది. దడి మూల అంటుకుంది. ఇల్లు పోయిందనే అనుకున్నాను. గొంతు చీరుకుపోయేలా అరిచాను. ఎవరూ రాలేదు. ఇన్ని ఇళ్లున్నాయి, నాకంటూ ఒక్క మనిషి లేదని ఏడుపొచ్చింది. ఏడుస్తూనే కొట్టాను. అంటుకున్న కంపను పారతో అవతలికి లాగేశాను. చివరికి మంట చచ్చింది, ఇల్లు మిగిలింది.

కాసేపటికి కరెంటు పోయింది. మగ్గాలు ఆగిపోగానే షెడ్డు నడిపే పక్కింటతను బయటికి వచ్చాడు. మా ఆయనను అన్నా అని, నన్ను వదినా అని పిలిచేవాడు. మసి పట్టిన నా మొహం చూసి అదిరిపడ్డాడు.

"కాయ్ ఝాలా, ఏమైంది వదినా?"

"ఇప్పుడా వచ్చేది? అంతగనం ఒర్లితె ఇనవడలేదా?" అని కసిరాను.

"ఇనవడ్డది. నీళ్లు తాగనీకి బయటికొచ్చిన. 'ఇగో, ఇంటున్నవా, జెల్ది రా' అంటున్నవ్. అన్న వచ్చిండనుకున్న. ఆలుమగల నడుమ నేనెందుకని లోపలికి పోయిన."

అంతసేపూ "మంట, మంట" అని అరిచాననే అనుకుంటున్నాను. మొగుడి పేరు ఏనాడూ పలకని నోరు, పాత అలవాటున ఆయన్నే పిలిచింది. సిగ్గుతో నా తల వాలిపోయింది.

అతను మా గుమ్మంలోకి తొంగిచూశాడు. "ఏడి మరి, అన్న?"

లేడు అనే మాట నా నోట రాలేదు.

"కొంతం చౌక్ దాక పోయిండు," అన్నాను. "వస్తడు."