మూడింటికి తెరుచుకునే ఫోల్డరు

నేను పదవీ విరమణ చేయడానికి ఏడాది ముందు, ఆగస్టు నెలలో, తెనాలిలోని మా ఆసుపత్రి సూపరింటెండెంటు నన్ను రేపల్లె పంపించారు. అప్పుడు నేను సీనియర్ సిస్టమ్స్ ఆఫీసర్ని. మా మానసిక సలహాదారు రూతమ్మగారు చనిపోయి మూడు వారాలైంది. ఆవిడ ఉదయం బాపట్ల శాఖలో, మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా రేపల్లెలో తన ఇంట్లో రోగులను చూసేవారు. వాళ్లు చెప్పుకున్న సంగతులన్నీ ఇంటి కంప్యూటరులో ఒక ఎన్‌క్రిప్టెడ్ ఫోల్డరులో ఉండేవి. పాస్‌వర్డు లేకుండా చూస్తే అర్థంలేని అక్షరాలే కనిపిస్తాయి. ఆ ఫోల్డరును ఆసుపత్రికి తెచ్చి, అక్కడి కాపీని చెరిపేయడం నా పని.

పాస్‌వర్డు పోతే వాడే రికవరీ కీ సూపరింటెండెంటు బీరువాలో, లక్క ముద్ర వేసిన కవరులో ఉండేది. ఇద్దరం సంతకాలు పెట్టి ఆ కవరును ముద్రతోనే బయటికి తీశాం. ఆ పద్ధతి పెట్టించింది నేనే. అందుకు కాస్త గొప్పగా కూడా అనుకునేవాణ్ణి.

తలుపు తీసింది రూతమ్మగారి చెల్లెలు మార్తమ్మ. నన్ను ఎన్నడూ చూసిన మనిషి కాదు. పేరు చెప్పగానే కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "ఇప్పుడు నిద్ర పడుతోందాండి అన్నయ్యగారూ?" అంది.

గ్లాసు కింద పెట్టేశాను. నెలల తరబడి నాకు నిద్ర లేదన్న సంగతి మా ఇంట్లో కూడా తెలియదు. రూతమ్మగారికి ఒక్కరికే చెప్పాను, అదీ తలుపులు వేసుకుని. నిజంగా భయమేసింది.

ఎవరు చెప్పారమ్మా అని అడిగాను.

"అక్కేనండి. రోజూ మూడింటికి తనే తెరిచి చూపిస్తుందండి. కూర్చోండి, మీరే చూద్దురుగాని."

జ్ఞాపకార్థ ప్రార్థన కూడిక అయ్యేదాకా పోయినవాళ్ల గదిలో ఏదీ కదపకూడదని వాళ్ల ఇంటి ఆచారం. కళ్లజోడు, సగం రాసిన చీటీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కంప్యూటరు కూడా ఆపలేదు. గోడ గడియారం మూడు కొట్టింది. ఎవరూ ముట్టుకోకుండానే తెర వెలిగింది, ఫోల్డరు తెరుచుకుంది. పేర్ల వరుసలో నా పేరూ ఉంది. మార్తమ్మ ప్రార్థనలో కూర్చున్నట్టు చేతులు జోడించుకుని చూస్తోంది.

అప్పుడు గుర్తొచ్చింది. రూతమ్మగారికి కీళ్లవాతం. "వరండాలో జనం ఎదురుచూస్తుంటారండి, ఈ వేళ్లతో ఇరవై అక్షరాలు కొట్టడం నా వల్ల కావట్లేదు" అని వాపోతే, పాస్‌వర్డును కంప్యూటరులోనే దాచి, ఫోల్డరు మూడింటికి తెరుచుకుని ఐదింటికి మూసుకునేలా నేనే అమర్చాను. ఆవిడ ఎదురుగా ఉంటారు కదా అనుకున్నాను. ఆ మార్పును ఆసుపత్రి రిజిస్టరులో ఎక్కించలేదు. ఆవిడ లేని రోజు సంగతి నా బుర్రకు తట్టనేలేదు.

అదంతా నేను పెట్టిందేనని చెబితే మార్తమ్మ నమ్మలేదు. "మరి వీళ్లందరి మంచిచెడ్డలు కనుక్కోమనే కదండీ అక్క చూపిస్తోంది?" అంది. కనుక్కుంది కూడా. బస్టాండు దగ్గర మిషను కుట్టే అమ్మాయిని, కొట్లో నలుగురి ముందు, "ఇంకా చచ్చిపోవాలనిపిస్తోందా తల్లీ?" అని ప్రేమగానే అడిగిందట. మర్నాటి నుంచి ఆ కొట్టు తెరవలేదు.

ఫోల్డరు తీసుకుని, అక్కడిది చెరిపేసి వచ్చాను. కవరు ముద్ర విప్పే అవసరమే రాలేదు. తప్పు నాదేనని నివేదికలో రాసిచ్చాను. ఆ అమ్మాయి బాపట్లలో పిన్ని ఇంట్లో ఉందని వారం తరవాత తెలిసింది. ఆసుపత్రి కొత్త సలహాదారు వెళితే తలుపు తీయలేదు.

తాళం సడలించేటప్పుడు అడిగినవాళ్ల ఇబ్బంది ఒక్కటే చూడకూడదు, లోపల ఎవరి సంగతులున్నాయో వాళ్లను కూడా అడగాలి. నేను అడగలేదు. వాళ్లలో నేనూ ఒకణ్ణి.