గడియారాల అంగట్లో వదిలివచ్చిన వరహాలు

మా అత్త దగ్గర పదకొండు పాత నాణేలు ఉన్న సంగతి పెళ్లయిన ఆరేళ్లకు గానీ నాకు తెలియలేదు. అప్పటికి నేను మైదుకూరులో చిన్న పిల్లల బడికి టీచర్ని. మా ఆయన కాలువ పనుల్లో మేస్త్రీ, నెలకొకసారి ఇంటికి వచ్చేవాడు. ఊరి బయట మాకు మూడెకరాల చేను, అందులో ఒక బావి. ఆ ఏడు శ్రావణం వచ్చినా వాన పడలేదు. బావిలో కడవ ముంచితే సగం బురదే వచ్చేది. ఇంకో రెండు నిలువుల లోతు తవ్విస్తే తప్ప లాభం లేదని తేలిపోయాక, అత్త ధాన్యపు గాదె వెనకనుంచి ఒక గుడ్డ మూట తీసుకొచ్చి నా ఒళ్లో పెట్టింది.

"మా నాయన ఇచ్చినాడు. అమ్మేద్దాం" అంది.

ఆరు వెండివి. అయిదు బంగారు వరహాలు, ఒక్కొక్కటి చిటికెన వేలి గోరంత, మీద దేవుడి బొమ్మ సగం అరిగిపోయి ఉంది. ఊళ్లో కంసాలి వెండిని ఒకసారి, వరహాలను ఒకసారి తక్కెట్లో వేసి, కరిగిస్తే ఇంత వస్తుందని చెప్పాడు. కరిగించడమన్న మాట అత్తకు నచ్చలేదు. మూట కట్టేసుకుని లేచి వచ్చేసింది. బడి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి ఒకాయన మాటల్లో, కర్నూలులో గడియారాలు బాగుచేసే ఒక ఆసామి పాత నాణేలకు బరువును బట్టి కాక వయసును బట్టి ధర కడతాడని చెప్పాడు.

"నువ్వు పోయిరా. నీకు చదువు వస్తాది గదా" అంది అత్త.

తెల్లవారుజామున బస్సెక్కితే ఆళ్లగడ్డ, నంద్యాల దాటుకుని కర్నూలు చేరేసరికి పొద్దు నెత్తికెక్కింది. అప్పటికింకా కర్నూలే రాజధాని. డేరాల్లో ఆఫీసులు, అద్దె గదుల కోసం తిరిగే ఉద్యోగులు, ఎక్కడ చూసినా మనుషులే. కొండారెడ్డి బురుజుకు కాస్త దూరంలో, రెండు గుడ్డల దుకాణాల మధ్య ఇరుకుగా ఉంది ఆ అంగడి. అరవై ఏళ్ల మనిషి, కంటికి నల్లటి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. నేను మూట విప్పగానే చేతిలోని గడియారం పక్కన పెట్టేశాడు.

వెండి నాణేలను ఒక పక్కకు తోసి, "ఇవి నేనే కొంటా. శానా దొరుకుతాండాయి, ఎక్కువ రాదు" అని పదిహేను రూపాయలు చేతిలో పెట్టాడు. వరహాలను మాత్రం బల్ల మీద వరసగా పేర్చి చాలాసేపు చూశాడు. అందులో ఒకదాన్ని రెండుసార్లు తిప్పి చూశాడు.

"అమ్మా, వీటికి నేను ధర చెప్పలేను. చెప్తే తక్కువే చెప్తా. మదరాసులో ఒగ పెద్దాయన ఉండాడు, ఇట్లాంటివి కూడబెడతాడు. ఆయనకు పంపిస్తా. ఆయన ఎంతిస్తే అంత నీకు. నాకు రూపాయికి అణా."

"అంతవరకు దుడ్లు?"

"వచ్చినాకనే. నమ్మకముంటే పెట్టిపో, లేకుంటే తీసకపో. నేనేమీ అనుకోను."

బలవంతం చేసి ఉంటే మూట కట్టుకుని వచ్చేసేదాన్నే. ఆ చివరి మాటే నన్ను మెత్తబరిచింది. గడియారాలకు ఇచ్చే రసీదు మీదే ఆయన 'వరహాలు అయిదు' అని రాసి, కింద సంతకం పెట్టి ఇచ్చాడు.

బస్సు నంద్యాల చేరకముందే దిగులు మొదలైంది. రసీదు తీసి చూశాను. వరహాలు అయిదు. అంతే. ఏ బొమ్మవి, ఎంత బరువువి, ఏ గుర్తులున్నవి, ఏమీ లేదు. రేపు ఆయన ఏ అయిదు నాణేలు తెచ్చి నా ముందు పోసినా ఇవి కావనడానికి నా దగ్గర ఏముంది? పిల్లల పలకల మీద కూడా పేరు రాయించనిదే ఊరుకోని దాన్ని, ఇక్కడ మాత్రం తల ఊపి వచ్చేశాను.

ఇంటికి రాగానే అత్త అడిగింది.

"అయిదూ పెట్టొచ్చినావా?"

"పెట్టొచ్చినా."

అత్త కొంగు బిగించుకుని ఎద్దుకు మేత వేయడానికి వెళ్లిపోయింది. నాలుగు తిట్టి ఉంటే నాకు నిద్ర పట్టేది.

నెల గడిచింది. పోస్టుమాన్ పదకొండు గంటలకు బడి ముందునుంచి వెళ్లేవాడు. ఆ వేళకు పిల్లల చేత ఎక్కాలు చెప్పించి నేను కిటికీ దగ్గర నిలబడేదాన్ని. అతను సైకిలు ఆపకుండా పోతుంటే పన్నెండో ఎక్కం ఎక్కడికొచ్చిందో కూడా తెలిసేది కాదు. హాజరు పట్టీలో రాని పిల్లలకు వచ్చినట్టు గీతలు పెట్టాను. ఇంట్లో ఊడ్చిన వాకిలే మళ్లీ ఊడ్చేదాన్ని. జవాబు కార్డు జత చేసి కర్నూలుకు రెండుసార్లు రాశాను. రెండోదానికి ఒక్క ముక్క వచ్చింది: 'మదరాసు నుంచి కబురు రాలేదు. ఓపిక పట్టగలరు.' ఒక పూట అది నిజాయితీగా కనిపించేది. ఇంకో పూట తప్పించుకునే మాటలా ఉండేది. ధర తనకు తెలియదని ఒప్పుకున్న మనిషి మోసం చేస్తాడా? అసలు మోసం చేసేవాడు అట్లా ఒప్పుకునే కదా నమ్మిస్తాడు? అన్నం ముందు కూర్చుని కూడా ఇదే ఆలోచన.

మా ఆయన వచ్చినప్పుడు చెబితే, "పోతే పోయినాయిలే" అన్నాడు. ఆ మాటకు ఆయన మీద రెండు రోజులు కోపం పోలేదు. పోయినవి ఆయనవీ కావు, నావీ కావు.

ఇంతలో రాజధాని హైదరాబాదుకు తరలిపోతోందన్నారు. కర్నూలులో సగం ఇళ్లకు తాళాలు పడుతున్నాయని బస్సు కండక్టరు చెప్పాడు. ఆ రోజు బడి వదలగానే పరుగున ఇంటికి వచ్చాను.

"అత్తా, రేపు పొద్దున్నే నేను కర్నూలు పోతా."

"నేనూ వస్తా" అంది.

అంగడికి తాళం వేసి ఉంది. తాళాన్ని లాగి చూశాను. ఎదురుగా టీ అమ్మే అతన్ని అడిగితే, "పొద్దున్నుంచీ తెరవలేదమ్మా. ఆఫీసులతో పాటు ఆయన కూడా పోయినాడో ఏమో" అన్నాడు. అత్త తాళం కింద మెట్టు మీద కూర్చుంది. నేను వీధి చివరి దాకా పోయి వచ్చాను. మళ్లీ పోయాను.

"యాడికి తిరుగుతాండావు? కూచో."

"కూచోలేనత్తా."

పోలీసు స్టేషన్ ఎక్కడుందో కూడా అడిగి పెట్టుకున్నాను. ఆయన కనబడితే అనవలసిన మాటలు లోపల ఒకదాని వెనక ఒకటి పేర్చుకున్నాను. మధ్యాహ్నం దాటాక, చంకలో ఒక పెద్ద గోడగడియారం పెట్టుకుని వచ్చాడాయన. సామాను సర్దుకుంటున్న ఏదో ఆఫీసువాళ్లు బాగుచేయమని ఇచ్చారట. నన్ను చూడగానే ఆయన ముఖం వాడిపోయింది. దొరికిపోయాడనుకున్నాను.

తలుపు తీసి, సొరుగులోంచి మదరాసు ముద్ర ఉన్న కవరు బయటికి తీశాడు.

"ఇది వచ్చి వారమాయ. నీకు రాయాలని మూడు మార్లు కూచున్నా, చెయ్యి రాలేదు. నాలుగు వరహాలు ఆయన ఉంచుకున్నాడు. మంచి ధరే కట్టినాడు, సగం దుడ్లు పంపినాడు. ఒగటి తిప్పి పంపినాడు."

అరచేతిలో ఒక నాణెం పెట్టి చూపించాడు. దాని అంచు ఒకచోట ఆకురాయితో గీసి ఉంది. పసుపు పొర కింద బూడిద రంగు.

"లోపల సీసమంట. పైన బంగారు పూత."

"మేమిచ్చింది ఇది కాదు" అన్నాను.

నాకు తెలియదు. అది మాదో కాదో చెప్పడానికి నేను ఏనాడూ వాటిని సరిగ్గా చూసిందే లేదు. అయినా అనేశాను, గట్టిగానే. టీ అంగడి అతను ఇటు తిరిగి చూశాడు.

ముసలాయన కోప్పడలేదు. భూతద్దం తీసుకుని, మళ్లీ బల్ల మీద పెట్టేశాడు. "ఆ పొద్దే నాకు అనుమానం వచ్చిందమ్మా. చెప్పింటే బాగుండు. చెప్తే అన్నీ తీసకపోతావని నోరు తెరవలేదు. అది నా తప్పే."

"ఇట్లియ్యప్పా" అని అత్త చెయ్యి చాపింది. నాణెం తీసుకుని గడప దగ్గరి వెలుతురులోకి పోయింది. గోటితో దాని చుట్టూ తడిమింది.

"నాదే" అంది.

"అత్తా!"

"నాదేనమ్మే. ఈ సొట్ట చూడు. చిన్నప్పుడు నేనే కొరికినా. మా అమ్మ వీపు మీద ఒగటి ఇచ్చింది గూడా." నాణేన్ని కొంగున ముడేసుకుంది. "ఈ అప్పను ఏమీ అనాకు."

ఆమె ఊరుకుని ఉంటే ఆయన దానికి కూడా డబ్బు కట్టి ఉండేవాడేమో. నాకు నేల మీదినుంచి తల ఎత్తాలనిపించలేదు. అనుమానం తీరింది గదా, నెమ్మది రావాలి. రాలేదు.

వచ్చిన సగం డబ్బు అప్పుడే లెక్కపెట్టి ఇచ్చాడు. మిగతా సగం మదరాసు నుంచి రాగానే మనియార్డరు చేస్తానన్నాడు, పదిహేను దినాలన్నాడు. "నేను హైదరాబాదుకు పోను. ఆఫీసులు పోతే పోనీ, గడియారాలు ఎవురింట్లో లేవు?" అన్నాడు. నేను అత్త వైపు చూశాను.

"సరేప్పా, పంపియ్యి" అంటూ ఆమె అప్పుడే మెట్లు దిగింది.

బస్సు ఆళ్లగడ్డ దాటింది. అత్త కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది: "మా నాయనకు ఎవుడో అంటగట్టినాడు. ఆయనకు తెలిసుండదు. తెలిసుంటే నాకిచ్చేటోడు కాదు."

మళ్లీ తనే అంది. "ఏమో. తెలిసీ ఇచ్చినాడేమో. మేము అయిదు మంది ఆడపిల్లలం. అందరికీ మంచివి యాడనుంచి తెస్తాడు?"

ఆమె గొంతులో కోపం లేదు.

పదిహేను దినాలు దాటాయి. ఇరవయ్యో రోజున నేను మళ్లీ కిటికీ దగ్గరే నిలబడి ఉన్నాను. అత్త మాత్రం చేను, ఎద్దు, వంట, తన పనులు తను చేసుకుంటూ పోయింది. ఇరవైమూడో రోజున మనియార్డరు వచ్చింది, పంపే ఖర్చు మినహాయించుకుని. అత్త వేలిముద్ర వేసి, "ఖర్చు పట్టుకున్నాడా? పట్టుకోవల్ల, న్యాయమే గదా" అంది. ఎండాకాలం బావి తవ్వించాం. రెండో నిలువు దగ్గర బండ పడింది. అయినా పక్క పగులులోంచి ఊట వచ్చింది. ఎకరా మిరప తడిసేంత.

నేను ఆ ముసలాయనకు ఒక ఉత్తరం రాశాను. తప్పుగా మాట్లాడానని, మనసులో అంతకంటే తప్పుగా అనుకున్నానని, క్షమించమని. వారం లోపలే కార్డు వచ్చింది. 'మీ ఉత్తరం చేరింది. క్షమాపణ దేనికో తెలియలేదు. నిలిచిపోయిన గడియారాలు ఏవైనా ఉంటే తీసుకురాగలరు.'

నిజంగా తెలియలేదో, తెలిసే అట్లా రాశాడో నేనిప్పటికీ చెప్పలేను. మా ఇంట్లో గడియారం లేదు. బడి గోడ మీద ఉన్నది మాత్రం ఆగిపోయి ఏడాది దాటింది. వేసవి సెలవులివ్వగానే దాన్ని దించి, గోనెసంచిలో చుట్టి, కర్నూలు బస్సెక్కాను.