గుంటకు జానెడు దూరంలో

పోయిన వారం సోమవారం పొద్దున్నే మస్తాన్ గారు ఫోన్ చేశారు. "డాక్టరమ్మ గారు వెళ్ళిపోయారండీ, నిద్రలోనే" అన్నారు. ఒంగోల్లో ఎన్నో ఇళ్ళలో పురుళ్ళు పోసిన మనిషి. ఆ సంగతులు చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నాకు తెలిసిన డాక్టరమ్మ గారు మాత్రం రిటైరయ్యాక నూలు చీర కుచ్చిళ్ళు కాస్త పైకి దోపి, కాన్వాస్ బూట్లు తొడుక్కుని గోల్ఫ్ నేర్చుకున్నావిడ.

పర్చూరు వెళ్ళే దారిలో, పొగాకు గోడౌన్ల వెనక మాకో మైదానం ఉంది. పచ్చిక పేరుకే. బంతి పడాల్సిన గుంటల చుట్టూ గడ్డికి బదులు ఇసుక పరిచి ఉంటుంది. వానొస్తే నల్లరేగడి బూట్లకు పట్టుకుని అడుగు లేవదు. ఆదివారాలు అక్కడ ముగ్గురం ఆడేవాళ్ళం. ఆవిడ, మిర్చి వ్యాపారం చేసే మస్తాన్ గారు, బ్యాంకులో పనిచేసి రిటైరైన నేను.

గోల్ఫ్ తెలియనివాళ్ళకు ఒక మాట చెప్పాలి. బంతి గుంటకు బాగా దగ్గరికొచ్చి ఆగితే, ఎలాగూ పడేదే కదా అని ఎదుటివాళ్ళు "ఇచ్చేశాం" అంటారు. ఇక కొట్టక్కర్లేదు, పడినట్టే లెక్క. స్నేహంగా ఆడుకునే ఆటలో అదో మర్యాద. ఎంత దూరం ఇవ్వాలి, ఎప్పుడివ్వాలి అన్నది మనిషిని బట్టి ఉంటుంది. కొందరు బంతి పక్కనే నిలబడి మన మొహంలోకి చూస్తారు. డాక్టరమ్మ గారు ఎవరికీ ఆ అవసరం రానిచ్చేవారు కాదు. బంతి ఆగీ ఆగకముందే "తీసుకోండి" అనేసి తర్వాతి గుంట వైపు నడిచేవారు. "అడక్కముందే ఇవ్వాలి. అడిగించుకుని ఇస్తే ధర్మం చేసినట్టుంటుంది" అనేవారు. తనకెవరైనా ఇస్తే "సంతోషం" అని తీసుకునేవారు. అక్కర్లేదని బెట్టు చెయ్యడమూ అమర్యాదేనని ఆవిడ నమ్మకం.

కిందటేడు మస్తాన్ గారికి పక్షవాతం వచ్చింది. కొన్ని నెలలకు లేచి తిరిగారు గానీ కుడిచేతి వణుకు పోలేదు. మళ్ళీ ఆయన మైదానానికి వచ్చేసరికి మా ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. ఆ సంబరంలో ఇవ్వడం మొదలుపెట్టాం. జానెడు ఇచ్చాం, మూరెడు ఇచ్చాం, బారెడూ ఇచ్చాం. మొదట్లో నవ్వారు. రానురాను మాట తగ్గించారు. ఒక ఆదివారం గోల్ఫ్ కర్రలు కారులో పెట్టుకుని, ఇక రానని చెప్పి వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళారు. టీ తాగుతూ, ఎందుకు రానన్నారని అడిగారు. ఆయన తన చేతి వంక చూసుకున్నారు.

"మీరిద్దరూ నాతో ఆడట్లేదండీ. నన్ను చూసిపోతున్నారు, ఆస్పత్రికొచ్చినట్టు."

ఆవిడ కప్పు కింద పెట్టారు. "నిజమేనండి. నేను డాక్టరుగా ఇచ్చాను. వచ్చే ఆదివారం మాత్రం మిమ్మల్ని ఓడించడానికే వస్తాను."

"ఓడించండి చూద్దాం" అన్నారు మస్తాన్ గారు.

ఆ ఆదివారం ఆయన బంతి గుంటకు జానెడు దూరంలో ఆగింది. ఎవరికైనా ఇచ్చేసే దూరమే. నేను నోరు తెరవబోతే ఆవిడ తల అడ్డంగా ఊపారు. ఆయన కొట్టారు. కర్ర వణికి, బంతి గుంట అంచును రాసుకుంటూ పక్కకు పోయింది. మేం అయ్యో అనలేదు. తర్వాతి గుంట దగ్గరా తప్పింది. ఎంత ఉగ్గబట్టుకుని ఉన్నారో డాక్టరమ్మ గారి మొహమే చెబుతోంది. ఎండెక్కింది. ఆఖరి గుంట దగ్గర, మూరెడు దూరం నుంచి, ఆయన కుడిచేతిని ఎడమచేత్తో గట్టిగా అదిమిపట్టి కొట్టారు. గుంటలోని రేకు డబ్బా టంగుమంది. బంతి తీసుకోవడానికి వంగిన మనిషి చాలాసేపు తలెత్తలేదు. ఆవిడ దగ్గరికెళ్ళి, ఈ గుంట మీదేనండి అంటూ చెయ్యి కలిపారు. ఆట మాత్రం ఆవిడే గెలిచారు.

తర్వాత మేం ఒకరికొకరం ఎంత ఇచ్చుకుంటే ఆయనకూ అంతే ఇచ్చాం. ఆయన ఒక్క ఆదివారం కూడా మానలేదు.

మొన్న ఇద్దరమే వెళ్ళాం. ఆట అయ్యాక ఇసుక మీద అడుగులు చెరిగేలా గోనెపట్టా లాగి రావడం అక్కడి ఆనవాయితీ. మస్తాన్ గారు తాడు రెండు చేతులకూ చుట్టుకుని, గుంట దగ్గర మొదలుపెట్టి గుండ్రంగా తిరుగుతూ లాగారు. నేను సాయం వెళ్ళలేదు. ఆయన అంచుకు వచ్చేసరికి ఇసుక మీద చుట్లు చుట్లుగా సన్నటి గీతలు తప్ప ఇంకేమీ లేవు. అవతల రోడ్డు మీద పత్తి లారీ వెళ్ళింది. కాసేపటికి గాలిలో తేలుతూ వచ్చిన దూదిపింజ ఒకటి ఆ గీతల మీద వాలింది.