మూడు గంటలకి పాటు

తెనాలిలో పొద్దున్నే నడిచే ఆడవాళ్ళం ఎనిమిది మందిమి ఉన్నాం. నడక తక్కువ, కబుర్లు ఎక్కువ. ఏడాదికోసారి అందరం కలిసి ఎక్కడికో వెళ్తాం. గుడి, కొండ, ఫోటోలు, మళ్ళీ ఇల్లు. ఈసారి మాత్రం, ఇంత దగ్గర్లో ఉన్న మడ అడవుల్లో కయాకులేసుకుని, మన తెడ్డు మనమే వేసుకుంటూ తిరుగుదామని నోరు జారాను. నోరు జారినవాళ్ళే ముందు వెళ్ళి చూసి రావాలని మిగతావాళ్ళు తీర్పు చెప్పేశారు.

నాకు కర్రీ పాయింట్ ఉంది. దానికి ఎదురుగా, మా ఎనిమిది మందిలోనే ఒకరైన షకీలా జాకెట్లు కుడుతుంది. ఏళ్ళ తరబడి మిషన్ తొక్కీ తొక్కీ ఆమె కుడి మోకాలు అరిగిపోయింది. మేము అనుకున్న ఆదివారం తర్వాత వచ్చే బుధవారమే ఆపరేషన్. సముద్రానికి ఇంత దగ్గర పుట్టి పెరిగి, ఇంతవరకూ పడవెక్కలేదామె.

"ఆపరేషన్ అయ్యాక కాలు ఎట్టా ఉంటదో ఎవరికి తెలుసు పద్మక్కా? ఎక్కితే ఇప్పుడే ఎక్కాలి. నువ్వు చూసొచ్చి చెప్పేదేంటి, నేనూ వస్తా," అంది.

వాళ్ళబ్బాయి సలీం మెత్తగానే మెలిక పెట్టాడు. "మీరు చూసి, అమ్మ ఎక్కగలదు అంటేనే ఆ ఆదివారం అందరితో పంపిస్తానండి పెద్దమ్మా." అంటే ఆ పూచీ నా నెత్తిన పడింది.

నిజాంపట్నం దగ్గర పడవ నడిపే మస్తాన్‌రావు నెంబరు ఎవరో ఇస్తే ఫోన్ చేశాను. శనివారం వస్తాం, ఎలా ఉంటుందని అడిగాను. అవతల హోరుమని గాలి. "మూడు గంటల పాటు" అన్నట్టు వినపడింది. మూడు గంటల పాటు తిప్పుతాడన్నమాట అని సంతోషించి, సరే అని పెట్టేశాను.

శనివారం పొద్దున ఎనిమిది దాటాక తెనాలిలో రైలెక్కి ముందు బాపట్ల బయల్దేరాం. ఎదురు సీట్లో చీరల మూటతో పేరాల ఆవిడ. ఎక్కడికని అడిగింది, చెప్పాం.

"కయాకంటే ఏంటండి?"

"ఒక మనిషి పట్టే పడవండి," అంది షకీలా.

"మునిగితే?"

"ఒక్కళ్ళమే మునుగుతామండి. పక్కనోళ్ళకి ఇబ్బంది ఉండదు."

ఆవిడ మూట కాస్త దగ్గరికి లాక్కుంది. బాపట్లలో దిగేదాకా మమ్మల్ని ఒక కంట కనిపెడుతూనే ఉంది.

స్టేషన్ బయట ఇడ్లీ తిని, కయాకులు అద్దెకిచ్చే ఆయన దగ్గరికి వెళ్ళాం. పెరట్లో కొబ్బరి చెట్ల కింద రంగురంగుల ప్లాస్టిక్ పడవలు బోర్లించి ఉన్నాయి. వ్యానులో వేసి తెచ్చిస్తాననీ, లైఫ్ జాకెట్లు తనవేననీ, ఈత రాకపోయినా జాకెట్ విప్పనంతకాలం భయం లేదనీ చెప్పాడు. మడ అడవిలోకి వెళ్ళాలంటే అటవీశాఖ వాళ్ళ అనుమతి ముందే తీసుకోవాలన్నాడు. వెళ్ళాలనుకునేవాళ్ళు ఈ సంగతి మరిచిపోవద్దు.

షకీలా ఒక పసుపు కయాకును తిప్పించి, ఇసుకలోనే ఎక్కి కూర్చుంది. కాళ్ళు ముందుకి చాపింది. తెడ్డు తీసుకుని గాలిలో అటూ ఇటూ రెండుసార్లు వేసింది.

"అక్కా, కాళ్ళు చాపుకుని కూర్చోవడమే! మోకాలికి పనే లేదు. మిషన్ కంటే ఇదే నయం."

కూర్చోవడం నయమే. లేవడానికి మాత్రం నేనొక రెక్క, ఆయనొక రెక్క పట్టుకోవాల్సి వచ్చింది. అప్పుడే నాకు అర్థమైంది. మా యాత్ర అంతా తెడ్డులో లేదు, ఎక్కే దిగే చోట ఉంది.

అక్కణ్ణుంచి రేపల్లె వైపు బస్సు. చెరుకుపల్లిలో అది చాలాసేపు ఆగిపోయింది. డ్రైవర్ టీకి వెళ్ళాడని ఒకరు, టైరని ఒకరు. నేను నింపాదిగానే ఉన్నాను. మూడు గంటల్లో గంట పోయినా రెండు గంటలు తిరగొచ్చు కదా! రేపల్లెలో దిగి, ఆటో మాట్లాడుకుని రేవు చేరేసరికి ఐదు కావస్తోంది.

రేవు ఉంది, పడవ ఉంది. నీళ్ళే లేవు. పాయ నడుమ సన్నటి ధార పారుతోంది. ఇవతలంతా నల్లటి బురద, ఆ బురదలో పక్కకి ఒరిగిన పడవ. గట్టు మీద వల బాగుచేసుకుంటున్న మనిషి లేచి వచ్చాడు. ఆయనే మస్తాన్‌రావు.

"ఇప్పుడొచ్చారేంటండి అక్కగారూ?"

"మూడు గంటల పాటు తిప్పుతానన్నారు కదా!" అన్నాను. గొంతు కొంచెం లేచింది.

"తిప్పుతానని ఎప్పుడన్నానండి? మూడు గంటలకి పాటు అన్నాను. పాటండి, పాటు! పోటు కాదు."

నాకింకా ఎక్కలేదు. ఆయన చేత్తో పాయ వైపు చూపించాడు. సముద్రపు నీళ్ళు లోపలికి ఎక్కితే పోటు, వెనక్కి తీస్తే పాటు. మూడింటికి నీళ్ళు తియ్యడం మొదలవుతుంది, ఆలోగా రమ్మని ఆయన చెప్పింది. 'కి' అనే ఒక్క అక్షరం గాలికి కొట్టుకుపోయింది. పుట్టినప్పట్నుంచీ తెలుగే మాట్లాడుతున్నాను. ఈ పాటుకి ఇంకో అర్థం ఉంటుందని నాకు తట్టలేదు.

"మీరు వెంటనే సరే అనేస్తే, అర్థమైందేమో అనుకున్నానండి," అని ఆయనా నవ్వాడు.

షకీలా నవ్వలేదు. ఒడ్డు నుంచి పడవ దాకా ఉన్న బురదనే చూస్తోంది. చెప్పులు విడిచి ఒక అడుగు వేసింది. కాలు పిక్క దాకా దిగబడింది. తియ్యబోతే మోకాలు పట్టేసి, "అమ్మీ!" అని కేక పెట్టింది. ఇద్దరం కలిసి వెనక్కి లాగాం. బోర్లించిన చేపల తట్ట మీద కూర్చుని, కొంగుతో బురద తుడుచుకుంటూ, "వద్దులే అక్కా. మీరు ఏడుగురూ వెళ్ళండి, నేను గట్టున కూర్చుని చెప్పులు కాస్తా," అంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆశ పెట్టింది నేనే, మాట వినడం చేతకానిదీ నేనే.

"రేపు రండమ్మా," అన్నాడు మస్తాన్‌రావు. "రేపు నాలుగింటి దాకా పోటే. రోజుకి రెండు ఘడియలు, ముప్పావుగంట పైనే, జరుగుద్ది."

ఆ రాత్రి రేపల్లెలో షకీలా వాళ్ళ ఖాలా, అంటే పిన్ని, ఇంట్లో ఉన్నాం. చేపల పులుసు, వేడి అన్నం. పులుసు నా కర్రీ పాయింట్‌ దానికంటే బాగుంది, అంతకుమించి చెప్పను.

ఆదివారం మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ రేవులో ఉన్నాం. నిన్నటి చోటేనా అనిపించింది. బురద కనపడితే ఒట్టు. దుంగల మీద పరిచిన పలకల పక్కన, ఒక మెట్టు కిందుగా, పడవ తేలుతోంది. షకీలా పలక అంచున కూర్చుంది. ముందు మంచి కాలు పెట్టింది, నా భుజం పట్టుకుంది, రెండో కాలు జాగ్రత్తగా లాక్కుంది. పడవ ఊగింది. ఆమె కూర్చుంది. అంతే.

"ఇంతేనా?" అంది. ముఖం వెలిగిపోతోంది.

"అంతేనండి. నీళ్ళు మోస్తాయి, మనం మొయ్యక్కర్లా," అన్నాడాయన.

"మస్తాన్ అంటే మావాళ్ళేమో అనుకున్నా."

"మా అమ్మ దర్గాకి మొక్కుకుంటే పుట్టానండి."

"అయితే సగం మావాళ్ళే," అని తేల్చేసింది.

అటవీశాఖ అనుమతి ఆయన ముందే తెచ్చి ఉంచాడు. పోటు మమ్మల్ని లోపలికి తీసుకుపోయింది. ఆయన గెడ ఊరికే ఆనిస్తున్నాడు. రెండు వైపులా మడచెట్లు. వాటి వేళ్ళు బురదలోంచి పైకి పొడుచుకొచ్చి గాలి పీలుస్తాయట. సగం మునిగిన కొమ్మల మీద పీతలు. మట్టి మీద ఒక చేప రెక్కలతో దేక్కుంటూ పోతోంది. నీళ్ళు మెల్లగా పైకొస్తున్న చోట దాన్ని చూస్తూ, ఇది నీళ్ళలోకి పారిపోతోందా, నీళ్ళనుంచి పారిపోతోందా అని మేమిద్దరం వాదించుకున్నాం. పాయ సన్నబడిన చోట నేను చేతులు బార చాపి చూశాను. కయాకు తెడ్డు అంత పొడవు పట్టదు. కాబట్టి పెద్ద మలుపు దగ్గరే మా బృందం వెనక్కి తిరగాలి. ఇంకో మాట కూడా రాయాలి, ఎందుకంటే మగవాళ్ళు రాయరు. రేవులో బాత్‌రూమ్ లేదు. మస్తాన్‌రావు ఇంటావిడ, "మాదే వాడుకోండమ్మా, దానికేంటి," అంది.

నాలుగింటికి నీళ్ళు ఒక్క క్షణం కదలకుండా నిలిచాయి. నీళ్ళ మీద ఎండుటాకు ఒకటి ఆగి, నెమ్మదిగా వెనక్కి తిరిగింది. "పాటు," అంది షకీలా, తనే కనిపెట్టినట్టు.

వెనక్కొచ్చేటప్పుడు, ఎనిమిది మందిమీ రాబోయే ఆదివారం సంగతి అడిగాను. ఆయన వేళ్ళ మీద తిథులు లెక్కపెట్టాడు.

"అది పౌర్ణమండి. పొద్దున తొమ్మిదింటి దాకా పోటు. నీళ్ళు పెద్దవి, పలకలకి సమానంగా వస్తాయి. అక్కగారు గుమ్మం దాటినట్టు దాటొచ్చు. పాటు మాత్రం గట్టిగా లాగుద్ది, తొమ్మిదింటికల్లా ఒడ్డున ఉండాల. ఆరింటికి పడవలో ఉండాలి మరి."

ఆరింటికంటే తెనాలి నుంచి కుదరదు. శనివారం రాత్రికే రేపల్లె చేరాలి. ఎనిమిది మంది ఆడవాళ్ళు, ఎనిమిది ఇళ్ళు, ఎనిమిది రకాల సణుగుళ్ళు. ఖాలాకి ఫోన్ చేస్తే, "డాబా ఉందిగా, చాపలు నావి, దుప్పట్లు మీవి," అంది. సగం పని అయింది.

సాయంత్రం రేపల్లెలో తెనాలి రైలెక్కాం. ఈ లైన్లో రైళ్ళు తక్కువ, సమయం ముందే కనుక్కుని వెళ్ళండి. కిటికీ అవతల చేలు చీకటిలో కలుస్తున్నాయి. నా ఊరికి ఇంత దగ్గర్లో రోజుకి రెండుసార్లు సముద్రం ఇంట్లోకొచ్చి వెళ్తోంది, నేను పప్పూ కూరలూ పొట్లాలు కడుతూ కూర్చున్నాను. అది తలుచుకుంటే సిగ్గూ వేసింది, సంబరంగానూ ఉంది.

జంపని స్టేషన్ దగ్గర సలీం ఫోన్ చేశాడు. షకీలా స్పీకర్ పెట్టి ఫోన్ నా ముందుంచింది.

"పెద్దమ్మా, అమ్మ ఎక్కగలదా?"

"ఎక్కింది, దిగింది, మళ్ళీ ఎక్కుతానంటోంది నాన్నా. ముందు రోజు రాత్రి మీ ఖాలా అమ్మమ్మ ఇంట్లో పడక."

"సరే మరి. నీళ్ళల్లో ఎంతసేపుంటుంది?"

నేను జవాబివ్వబోతే షకీలా చెయ్యడ్డం పెట్టింది. ఎదురుగా ఖాళీగా ఉన్న సీటు మీదికి కుడి కాలు చాపుకుంది, కయాకులో చాపుకున్నట్టే. ఫోన్ దగ్గరికి వంగి, ఒక్కో మాటా విడదీసి, ఏ గాలీ ఎత్తుకుపోకుండా చెప్పింది.

"మూడు. గంటల. పాటు."