తెగనిది తెగిందన్నందుకు

పరువు పోవాలంటే మనిషి ఏదో ఒకటి చెయ్యాలి. నేను మాత్రం చెయ్యనిదాన్ని చేశానని చెప్పి, కువైట్‌లో మొదలుపెట్టి విజయవాడ దాకా పోగొట్టుకున్నాను. నా ఒంట్లో ఏది తెగింది, ఏది తెగలేదని మేముండే సాల్మియా పేట తెలుగువాళ్ళంతా చర్చించుకున్న ఆ రోజుల గురించి చెబుతాను. పిల్లలు పక్కనుంటే ఏదైనా కొనుక్కురమ్మని బజారుకి పంపండి.

అప్పటికి నాకు ముప్ఫై దాటింది. కువైట్ సిటీలో ఒక కట్టడాల కంపెనీలో ఇంజనీరుని. ఏ విషయమూ పూర్తిగా తెలియదు, తెలియదన్న సంగతి అసలే తెలియదు. ఫోనులో ఒక వార్తకి తల చదివితే చాలు, తోక దాకా నేనే రాసినట్టు మాట్లాడేవాణ్ణి. ఎవరికైనా పన్ను నొప్పంటే పళ్ళ డాక్టర్ని. కారు ఆగిపోతే మెకానిక్కుని. ఇంట్లో నా భార్య సుజాత ముందు మాత్రం మామూలు మనిషిని. ఆవిడ మందుల షాపులో ఫార్మసిస్టు, నా సంగతి ఆవిడకి తెలుసు.

మా ఆఫీసులో ఇద్దరు కెన్యా వాళ్ళు ఉండేవారు. ఒటియెనో సేఫ్టీ ఆఫీసరు, పెద్ద సరస్సు ఒడ్డున ఉండే లువో జాతివాడు. వఫూలా స్టోర్సు చూసేవాడు, లుహియా జాతివాడు. వఫూలా వాళ్ళలో కుర్రాడికి సున్తీ చేస్తేనే మగవాడైనట్టు. లువోల్లో ఆ ఆచారమే లేదు. మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళ గొడవ అదే.

"మా తాతల కాలంలో కింది పళ్ళు పీకితే పెద్దవాడయ్యాడనేవారు. కోత మా పద్ధతి కాదు," అనేవాడు ఒటియెనో. "ఎన్నికలొచ్చాయంటే చాలు, కోత లేనివాళ్ళు మగాళ్ళేనా, పాలించడానికి పనికొస్తారా అని మీవాళ్ళు ఎగతాళి చేస్తారు. ఇప్పుడేమో గవర్నమెంటు కూడా కత్తి పట్టుకొచ్చింది."

"అది ఎగతాళి కాదురా, ఎయిడ్స్ ముప్పు తగ్గాలని," అనేవాడు వఫూలా.

సరదాగా మొదలైన గొడవ ఒకరోజు సరదాగా లేదు. ఒటియెనో తమ్ముడు ఒధియాంబో ఊళ్ళో క్లినిక్‌కి వెళ్ళి సున్తీ చేయించుకుంటానన్నాడట. అతని బావమరిది ఆ జబ్బుతోనే పోయాడు. తండ్రి మాత్రం, "ఆ పని చేసుకుంటే నా వాకిట్లో అడుగు పెట్టొద్దు," అన్నాడట. ఏం చెప్పాలో తేలక ఒటియెనో అన్నం ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

ఇలాంటప్పుడు బుద్ధున్నవాడు ఏం చేస్తాడు? నోరు మూసుకుని పెరుగన్నం తింటాడు. నేను డబ్బా మూత పెట్టి, "ఈ విషయం మీద నేను చాలా చదివాను," అన్నాను. నేను చదివింది ఒక హెడ్డింగు. అదీ లిఫ్టులో.

పాపం ఒటియెనో నమ్మాడు. "శుక్రవారం మావాళ్ళంతా మా ఫ్లాట్‌లో కలుస్తున్నారు. తమ్ముడు వీడియో కాల్‌లో ఉంటాడు. చేయించుకోవాలా వద్దా అని చర్చ. నువ్వూ వచ్చి మాట్లాడు," అన్నాడు.

రానన్నానా? తాను దూర సందు లేదు, మెడకో డోలన్నారు పెద్దలు. నేను డోలుతో పాటు సన్నాయి కూడా కట్టుకుని బయల్దేరాను. కంపెనీ కారు నడిపే రెడ్డప్ప నన్ను దింపాడు. రాయచోటి మనిషి. వాసన చూసి తనూ లోపలికొచ్చి, వేయించిన చేప, మొక్కజొన్న ముద్ద పళ్ళెంలో పెట్టించుకుని, "సంగటి మాదిరే ఉంది సార్," అంటూ గుమ్మం దగ్గర సెటిలయ్యాడు.

హాలు నిండా జనం. బల్లమీద గ్లాసుకి ఆనించిన ఫోనులో ఒధియాంబో మొహం. ఒకాయన లేచి, "జబ్బుని ఆపేది నడవడిక, కత్తి కాదు," అన్నాడు. ఇంకొకాయన, "ఆచారం బతికుండాలంటే ముందు మనుషులు బతికుండాలి కదా," అన్నాడు. చక్కగా, మర్యాదగా సాగుతున్న చర్చ. అందులోకి నేను లేచాను.

"మిత్రులారా! సున్తీ అంటే కోటగోడ. అది ఒక్కసారి కట్టామా, ఇక శత్రువు లోపలికి రాలేడు!"

ఫోనులోంచి తమ్ముడు ఉత్సాహంగా అడిగాడు. "అంటే సార్, తర్వాత కండోమ్ అక్కర్లేదా?"

"అక్కర్లేదు తమ్ముడూ! కోట ఉన్నవాడికి గొడుగెందుకు?"

ఆ ఉపమానం ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇవాళ్టికీ నాకు తెలియదు. వెనకనుంచి ఒకావిడ లేచింది. పేరు అకిన్యి, తనూ లువోనే, ఇక్కడి ఆసుపత్రిలో సీనియర్ నర్సు.

"మిస్టర్ ప్రసాద్, మగవాడికి సోకే ప్రమాదం కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు. అతనికే జబ్బుంటే భార్యకి రాకుండా అది ఆపుతుందని మీకెవరు చెప్పారు?"

"అంటే... ఆడవాళ్ళ సంగతి... అది వేరే అధ్యాయం మేడమ్."

"ఏ పుస్తకంలో?"

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. ఆ రోజు హాల్లో వినేవాళ్ళందరికీ చెప్పేవాడు లోకువయ్యాడు. అప్పుడావిడ చాలా మామూలుగా అడిగింది.

"పోనీ, మీరు చేయించుకున్నారా?"

లేదు అంటే సరిపోయేది. రెండక్షరాలు. కానీ ఈ ప్రబుద్ధుడు ఛాతీ విరిచి ఏమన్నాడో వినండి.

"మేడమ్! చెప్పేదొకటి, చేసేదొకటి మా వంశంలోనే లేదు!"

చప్పట్లు కొట్టారు. నేను తలవంచి అందుకున్నాను కూడా.

తిరిగి వస్తుంటే కారులో రెడ్డప్ప అద్దంలోంచి నావైపే చూస్తున్నాడు.

"సార్, మీరు ఇంగ్లీషులో శానా మాట్లాడినారు గానీ నాకు ఒగటే అర్థమైంది. మీకు ఒడుగులయినాయంట కదా?"

"అబ్బే, అదేంటంటే..."

"దాంట్లో సిగ్గేముంది సార్! మా పక్క సున్తీని ఒడుగులంటాం. దూదేకులోళ్ళిండ్లల్లో చేస్తే పలావు పెడతారు. మీరు మాకు పెట్టకపోతిరే!"

"రెడ్డప్పా, ఎవరితోనూ అనకు."

"నేనెందుకంటా సార్!"

ఎవరితోనూ అనకు అని రెడ్డప్పకి చెప్పడమంటే మైకు చేతికిచ్చి గొంతు సవరించుకొమ్మన్నట్టే. కువైట్‌లో సెలవులు శుక్ర, శనివారాలు. ఆదివారం ఆఫీసుకి వెళ్ళగానే ఈజిప్టు అకౌంటెంటు నా రెండు చేతులూ పట్టుకుని, "మబ్రూక్!" అన్నాడు. నేను మతం మారాననుకుని శుభాకాంక్షలు చెబుతున్నాడని అర్థమయ్యేసరికి అతనిచ్చిన అరబ్బు మిఠాయి సగం తిన్నాను. లిఫ్టులో తెలుగువాళ్ళు నా మొహం చూడటం మానేశారు. ఎక్కడ చూస్తున్నారో చెప్పను.

అక్కడితో ఆగినా బాగుండేది. వార్త సాల్మియాలోని పచారీ కొట్టుకి చేరింది. అక్కడ మా అత్తగారి దూరపు బంధువు పప్పులు కొంటున్నాడు. ఇక్కడొక చిన్న చిక్కు. రెడ్డప్ప ఊళ్ళో ఒడుగంటే సున్తీ. మా బెజవాడలో వడుగంటే జంధ్యం వేసే శుభకార్యం. సాయంత్రం సుజాత ఫోను మోగింది. ఆవిడ కూర కలుపుతూ స్పీకరు పెట్టింది.

"ఏమే, అల్లుడికి వడుగు చేశారటే! మాకు ఒక్క ముక్క చెప్పలేదు!" మా అత్తగారు మండిపడుతున్నారు. "కెన్యా వాళ్ళింట్లో చేశారటగా? అయినా పెళ్ళికి ముందే అయింది కదా, మళ్ళీ ఎందుకు? మొదటిది తెగిపోయిందా?"

వెనకనుంచి మామగారి గొంతు. "బ్రహ్మోపదేశం ఎవరు చేశారో కనుక్కో!"

సుజాత ఫోను పెట్టేసి నావైపు తిరిగింది. గరిటె చేతిలోనే ఉంది. జరిగిందంతా చెప్పాను. మధ్యలో ఒకసారి నవ్వింది. కోట, గొడుగు దగ్గరికొచ్చేసరికి నవ్వు ఆగిపోయింది.

"మీ పరువు సంగతి వదిలెయ్యండి, అది పోయినా ఎవరూ వెతకరు. ఆ కుర్రాడు మీ మాట నమ్మి జాగ్రత్తలు మానేస్తే? వాడి పెళ్ళాం గతేంటి?"

నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదంటే నమ్మండి. అంతసేపూ నేను నా చప్పట్ల గురించీ నా లిఫ్టు గురించే బాధపడుతున్నాను. అన్నం తినకుండానే పరుగెత్తి ఒటియెనో తలుపు కొట్టాను. వఫూలా కూడా అక్కడే ఉన్నాడు, ఇద్దరూ ఫుట్‌బాల్ చూస్తున్నారు.

"ఒటియెనో, నేను చెప్పింది తప్పు. మీ తమ్ముడికి వెంటనే చెప్పు. ఇంకో సంగతి... నాకు సున్తీ కాలేదు."

"తెలుసు," అన్నాడు ఒటియెనో.

"ఎలా తెలుసు?"

"నువ్వు అబద్ధమాడుతున్నావని అకిన్యి అప్పుడే చెప్పింది. నువ్వెళ్ళాక తమ్ముడికి అంతా వివరించింది. జాగ్రత్తలు మానకూడదు, ముందు మొగుడూ పెళ్ళాలిద్దరూ పరీక్ష చేయించుకోవాలి, గాయం పూర్తిగా మానేదాకా ఆగాలి. అన్నీ."

"హమ్మయ్య! అయితే చేయించుకుంటున్నాడా?"

వఫూలా టీవీ వైపు తిరిగిపోయాడు. భుజాలు ఊగుతున్నాయి.

"చేయించుకుంటాడు. నాన్న ఇంకా మాట్లాడటం లేదు, అది నేను చూసుకుంటాను. కానీ మధ్యలో ఒక చిక్కొచ్చింది," అన్నాడు ఒటియెనో. "నీ ఉపన్యాసం అవ్వగానే తమ్ముడు వద్దని మొండికేశాడు. 'అన్నా, కోత పడితే మనిషి ఇలా అయిపోతాడా? అయితే నాకొద్దు' అన్నాడు. 'భయపడకు నాయనా, ఆయనకి కాలేదు, పుట్టుకతోనే అలా' అని అకిన్యి నచ్చజెబితే గానీ ఒప్పుకోలేదు."

ఆరోగ్య ప్రచారానికి నేను చేసిన సేవ ఇంతే.

కాబట్టి పాఠకులారా, నా రెండు జంధ్యాల సాక్షిగా, అంటే మా అత్తగారి లెక్కలో రెండు, ప్రమాణం చేస్తున్నాను. పక్కవాడి ఒంటి గురించి, వాడి ఊరి గురించి, వాడి తాతల ఆచారం గురించి ఇకమీదట సలహా ఇవ్వను. ఎవరైనా అడిగితే సుజాతని అడగమంటాను. అడగకపోతే పెరుగన్నం తింటాను.