బావ పీల్చిన రాతిపిండి

పోయిన వారం నంద్యాలలో మా ఇంటి పక్కన కడుతున్న కొత్త ఇంటికి బండలు పరిచే పని మొదలైంది. పొద్దున్నే కాఫీ గ్లాసు పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి ఒక మనిషి గొంతుకూర్చుని చేతి మిషన్‌తో గ్రానైట్ బండ కోస్తున్నాడు. ఆ చప్పుడుకన్నా ముందు దాని వాసన తగిలింది నాకు. కాలిన రాయి వాసన అది. కాసేపటికి ఆ దుమ్ము పళ్ల మధ్య కరకరలాడుతుంది కూడా. ఆ మనిషి నడుము దాకా తెల్లటి దుమ్ములో మునిగి ఉన్నాడు. మూతికి తువ్వాలు చుట్టుకున్నాడు. గేటు దాకా వెళ్లి, ఆపమని సైగ చేసి, "నీళ్లు పెట్టి కోసే మిషన్ ఉంటాది కదా నాయనా, అది తెచ్చుకోలేదా?" అని అడిగాను. "ఉండాది మేడమ్. నీళ్లు పెడితే అంతా బురదైతాది. ఓనరు బేగా కానీమంటాండాడు," అన్నాడు మర్యాదగానే. ముప్పై ఏళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని కదా, ఇంకో పాఠం మొదలుపెట్టబోయాను గానీ, అప్పటికే మిషన్ మళ్లీ అందుకుంది. లోపలికి వచ్చి కిటికీలన్నీ మూశాను. కాఫీ చల్లారిపోయింది. ఆ పూటంతా మా బావ జ్ఞాపకం నన్ను వదల్లేదు.

మా అక్కను ఆళ్లగడ్డలో ఇచ్చారు. బావ దేవుళ్ల విగ్రహాలు చెక్కే మనిషి. కడప రోడ్డు పక్కన రేకుల షెడ్డు, దాని ముందు వరసగా నిలబెట్టిన నల్లరాతి దేవుళ్లు. కొందరికి చేతులు రాలేదు, కొందరికి మొహమే రాలేదు. నేను ఎండాకాలం సెలవులకు వెళ్లిన కొత్తలో అక్కడంతా ఉలి, సుత్తి చప్పుడే. బావ ఒక దెబ్బ కొట్టి, గీత మీది పిండిని ఉఫ్‌మని ఊదేవాడు. మళ్లీ దెబ్బ, మళ్లీ ఊదడం. ఆయన మాటలో కూడా ఆ తాళమే ఉండేది. రెండు మాటలు అనేవాడు, ఆగేవాడు. తర్వాత కోత మిషన్లు వచ్చాయి. ఆ వరస షెడ్లలో మొదటి మిషన్ తెచ్చింది మా బావే. పది రోజుల పని ఒక రోజులో అయిపోతుంటే, కొత్త బండి కొన్నవాడిలా అందరినీ పిలిచి చూపించాడు. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు కనుబొమలూ మీసమూ కలిసిపోయి తెల్లగా, ఎవరో ముసలాయన వస్తున్నట్టుండేవాడు. "మీ బావ పోసుకున్న నీళ్లు ఆరబెడితే ఇంకో దేవున్ని చేయొచ్చు," అని అక్క నవ్వేది. ఆమె రోజుకు మూడుసార్లు ఇల్లు ఊడ్చేది. అయినా దండెం మీది చీరల మడతల్లో, పెరుగు గిన్నె మూత మీద, దిండు గలీబులో ఆ బూడిదరంగు పిండి ఉండనే ఉండేది. అది దేవుడి పిండి కదా అని మాకు దాని మీద కోపం కూడా రాలేదు.

దగ్గు ఎప్పుడు మొదలైందో అక్కకు కూడా సరిగ్గా గుర్తులేదు. బీడీల దగ్గు అనుకున్నారు. వీధి చివర సూదులేసే ఆయన రెండేళ్లు సూదులేశాడు, సిరప్పులు రాశాడు. బావ చిక్కిపోవడం మొదలుపెట్టాక ఎక్స్‌రే ఫొటో తీయిస్తే ఊపిరితిత్తుల నిండా మచ్చలు కనిపించాయి. కఫం పరీక్షలో ఏమీ లేదన్నారు గానీ, మచ్చలున్నాయి కాబట్టి టీబీ అయి ఉంటుందని మందులు మొదలుపెట్టారు. ఆ మాట ఇంట్లోకి వచ్చిన రోజే అక్క ఒక స్టీలు కంచం, ఒక లోటా వేరే పెట్టింది. వాటిని వేరే బూడిదతో తోమేది, వేరే గూట్లో బోర్లించేది. బావ పడక వసారాలోకి మారింది. అదే ఊళ్లో ఉండే వాళ్ల కూతురు తన పాపను తీసుకొచ్చినప్పుడు, పాప తాతా అని పరుగెత్తబోతే అక్క రెక్క పట్టుకుని ఆపేది. బావ వసారాలోంచే మొహం వంకర తిప్పి కోతిలా చేసి చూపించేవాడు. పాప గడపకు అవతల నిలబడి నవ్వేది. మాత్రలు ఒక్క పూట కూడా తప్పకుండా మింగాడు. దగ్గు తగ్గలేదు. ఏడాది తిరిగాక రెండోసారి అవే మందులు మొదలయ్యాయి. ఈ మధ్యలో షెడ్డుకు పోవడం మానలేదు. జబ్బు మనిషినని తువ్వాలు మాత్రం రెండు చుట్లు చుట్టుకునేవాడు.

అలా దగ్గుతోనే ఆరేళ్లు గడిచాయి. ఒకసారి మా ఇంటికి వచ్చినప్పుడు మేడ మెట్లు ఎనిమిది ఎక్కి తొమ్మిదో దాని మీద కూర్చుండిపోయాడు. "మీ మెట్లు ఎత్తు పెరిగినాయి అమ్మీ," అన్నాడు రొప్పుతూ. మరునాడు నంద్యాలలోనే ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. పెద్ద వయసాయన. పాత ఫొటోలన్నీ సంచీలోంచి తీసి బల్ల మీద పరిచాను. వాటిని ఆయన ముట్టుకోలేదు. బావ చేతుల వైపు చూస్తూ, "ఏం పని చేస్తావప్పా?" అని అడిగాడు.

"దేవుళ్లను చేస్తా సార్."

"దేంతో చేస్తావు?"

"మిషన్ పెట్టి కోస్తాం. ఆఖర్న ఉలి పడ్తాం."

"నీళ్లు పెట్టి కోస్తారా, పొడిగానా?"

"పొడిగానే సార్. నీళ్లు పెడితే గీత కనపడదు."

డాక్టరు అప్పుడు ఫొటో తీసి వెలుతురుకు పెట్టాడు. చాలాసేపు చూసి, మాకు వేలితో ఒక్కో చుక్కా చూపించాడు. రాయిని కోస్తే వచ్చే దుమ్ములో కంటికి కనిపించనంత సన్నటి పొడి ఉంటుందట. అది తువ్వాలులోంచి తేలిగ్గా దూరిపోతుందట. లోపలికి పోయిన పొడి ఊపిరితిత్తుల్లోనే దిగబడి, దాని చుట్టూ కండ గట్టిపడి మచ్చ కడుతుందట. "ఇది టీబీ కాదప్పా. ఒగరి నుంచి ఒగరికి అంటేది కాదు. కానీ ఇట్లాంటి రొమ్ముకు టీబీ సులువుగా పడ్తాది. జ్వరమొచ్చినా, ఇంకా చిక్కిపోయినా మళ్లా కఫం చూపించుకోవాల. బీడీ ఈ పొద్దుతో బంద్. దుమ్ములోకి ఇంగ పోకూడదు."

"ఆ పొడి బయటికి రావాలంటే ఏం మందు సార్?" అన్నాను నేను.

"దాన్ని తీసే మందు లేదమ్మా," అన్నాడాయన. ఆయాసం తగ్గడానికి పీల్చే మందు రాశాడు. వేయించుకోవాల్సిన టీకాలు చెప్పాడు. షెడ్డులో ఎంతమంది పనిచేస్తారని అడిగాడు. బావ నలుగురన్నాడు. "నలుగురికీ ఫొటో తీపిచ్చు. ఆలస్యం చేయొద్దు," అన్నాడు డాక్టరు.

బావ కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నాడు. "అంటేది కాదంటాండావు కదా సార్. మరి ఇన్నాండ్లూ నా కంచం వేరే ఎందుకు పెట్టినారు?" అని అడిగాడు. అది డాక్టరును అడిగిన ప్రశ్న కాదు. నేను గోడ మీది క్యాలెండరు వైపు చూస్తూ నిలబడ్డాను.

ఇద్దరం ఆళ్లగడ్డ బస్సు ఎక్కాం. ఇంటికి వెళ్లాక అక్కకు అంతా నేనే చెప్పాను. ఆమె వింటూ వింటూ వంటింట్లోకి పోయింది. గూట్లోంచి ఆ కంచం తీసి, అందరి కంచాల మధ్య పెట్టింది. పెట్టి అక్కడే నేల మీద కూర్చుంది. "నాకేం తెలుసయ్యా. ఆసుపత్రోళ్లు చెప్పినట్ల చేస్తి," అంది. "నిన్నేమన్నా అంటినా నేను," అన్నాడు బావ. ఆ పూట మనవరాలు ఆయన ఒళ్లో కూర్చుని అన్నం తింది. తాత మొహాన్ని అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదేమో, మధ్యలో అన్నం ఆపి ఆయన మీసం లాగి చూసింది.

తన సంగతి కన్నా షెడ్డు సంగతే బావను ఎక్కువ తినేసింది. "ఆ మిషన్ తెచ్చింది నేనే కదా అమ్మీ," అని నాతో ఫోనులో ఎన్నిసార్లు అన్నాడో. నలుగురినీ ఒక్కొక్కరిగా వెంటబెట్టుకుని నంద్యాలకు వచ్చి ఫొటోలు తీయించాలనుకున్నాడు. ఒకాయన బస్సు ఎక్కేముందే గొడవపడి వేరే షెడ్డుకు వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లలో ఇద్దరికి ఏమీ లేదు. పదిహేనేళ్లుగా విగ్రహాలకు పాలిష్ పడుతున్న భాయ్‌కి మాత్రం మచ్చలు మొదలయ్యాయి. ఆయన బావ కన్నా పదేళ్లు చిన్న. ముగ్గురు బిడ్డలు. పాలిష్ పట్టడం తప్ప ఇంకో పని తెలియదు. బావ షెడ్డులో నీళ్లు ధారగా పడే మిషన్ పెట్టించాడు, షాక్ కొడితే కరెంటు ఆగిపోయే స్విచ్చి బిగించాడు. ఆ పని మిగతా ఇద్దరికే. భాయ్‌ని గడప తొక్కనీయలేదు.

నేను అక్కడ ఉన్న రోజునే ఆ గొడవ జరిగింది. "నీళ్లు పెట్టినావు కదన్నా, ఇంగేంది? నేను కూడా తడిగానే పడ్తా," అన్నాడు భాయ్. "వద్దు. నీ రొమ్ము మొదలే చెడింది. ఇంగొక చిటికెడు గూడా పోగూడదు," అన్నాడు బావ. "నా రొమ్ము నా ఇష్టం. నువ్వెవరు పని లేదనేకి?" బావకు దగ్గు తెర వచ్చింది. షెడ్డు స్తంభం పట్టుకుని వంగిపోయాడు. పెదాలు నీలం తిరిగాయి. చాలాసేపటికి తల ఎత్తి, "చూసినావు కదా. రేపు ఇదే నువ్వు. పో," అన్నాడు. భాయ్ చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆర్నెల్లు బావ ఎదురొస్తే తల తిప్పుకుని పోయాడు. పదిహేనేళ్ల మనిషిని గెంటేశాడని వరస షెడ్లలో బావను తిట్టనివాళ్లు లేరు.

ఆఖరి ఏడాది బావ ఆక్సిజన్ మిషన్‌కు కట్టుబడిపోయాడు. ముక్కుకు గొట్టం, పక్కన రోజంతా గురగురలాడే పెట్టె. కరెంటు పోతే అక్క చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి సిలిండరు దగ్గరికి పరుగెత్తేది. ఒకరోజు మనవరాలు పడి మోకాలు దోక్కుపోయి, ఊదమని తాత దగ్గరికి వచ్చింది. బావ వంగాడు. పెదాలు ముడిచాడు. గాలి రాలేదు. ఎన్ని వేల గీతల మీది పిండిని ఊదిన నోరు అది. పాప కాసేపు ఎదురుచూసి, తన మోకాలు తనే ఊదుకుంది. బావ మొహం గోడకు తిప్పుకున్నాడు.

ఆ రోజుల్లోనే భాయ్ తిరిగి వచ్చాడు. బస్టాండు దగ్గర పండ్ల బండి పెట్టుకున్నాడట. ఒక సంచీలో బత్తాయిలు తెచ్చి మంచం పక్కన పెట్టి, "మొన్న మళ్లా ఫొటో తీపిచ్చుకుంటి అన్నా. మచ్చలు పెరగలేదంట," అన్నాడు. బావ మాట్లాడలేడు, చెయ్యి మాత్రం ఎత్తాడు. భాయ్ ఆ చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. అప్పటి నుంచి రోజూ మధ్యాహ్నం బండి మీద గుడ్డ కప్పి వచ్చేవాడు. బత్తాయి రసం ఒక్కో చెంచా తాగించేవాడు. వానలు మొదలైన ఒక మధ్యాహ్నం, ఆ రసం సగంలో ఉండగానే బావ పోయాడు. వయసు యాభై నాలుగు.

మరణ ధ్రువపత్రం కోసం నేనూ అక్కా మున్సిపల్ ఆఫీసుకు వెళ్లాం. ఆ మధ్యాహ్నం ఆసుపత్రికి తీసుకుపోతే వాళ్లిచ్చిన కాగితంలో కారణం దగ్గర గుండె ఆగిపోవడం అని రాసి ఉంది. అక్క నాచేత రెండుసార్లు చదివించుకుంది. "గుండె కాదయ్యా, ఊపిరి. రాతిపిండి. అది రాయి," అని కిటికీ అవతలి గుమాస్తాను బతిమాలింది. ఆయన మంచివాడే. ఆసుపత్రి వాళ్లు ఏది రాస్తే అదే మేమూ రాయాలమ్మా అన్నాడు. అక్క ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుంది. నాకు బాధనిపించేది ఆ రాత కూడా కాదు. బావ విషయంలో మాకు కాలం చాలలేదని అందరూ అంటారు. ఆరేళ్ల కాలం మా చేతిలోనే ఉండింది. దాన్నంతా ఆయనకు లేని జబ్బులకు ఖర్చు పెట్టేశాం.